గుట్టు, చాటు, నిఘా: చూపు కింద మనిషి నడవడి – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

నిఘా అనగానే తెలుగు విమర్శకు రాజ్యం, రచయిత, నిషేధం గుర్తుకువస్తాయి. ఇల్లు, వీధి, అగ్రహారం, తరగతి గది అంత సులభంగా గుర్తుకురావు. ఎవరో చూస్తున్నారన్న స్పృహ మనిషి నడవడిని ఎలా మలుస్తుందో, ఆ క్రమంలో అతని ఆంతరంగిక జీవితం ఎలా కుంచించుకుపోతుందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఇందుకు ఉత్తర రామకథలోని చారుల ఘట్టాన్ని, చలం 'మైదానం' నవలను, 1962 నాటి ఖరక్ సింగ్ కేసులో జస్టిస్ కోకా సుబ్బారావు రాసిన భిన్నాభిప్రాయాన్ని ఆధారంగా తీసుకున్నాను.

కీలకపదాలు: నిఘా, గోప్యత, గుట్టు, చాటు, చారుడు, మైదానం, చలం, కోకా సుబ్బారావు.

1. ఉపోద్ఘాతం

2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం కె.ఎస్. పుట్టస్వామి కేసులో తీర్పు చెబుతూ, వ్యక్తి ఆంతరంగిక జీవితానికి రాజ్యాంగ రక్షణ ఉందని ఏకగ్రీవంగా ప్రకటించింది. తెలుగు పత్రికాభాషలో ఆ హక్కుకు స్థిరపడిన పేరు 'వ్యక్తిగత గోప్యత హక్కు'. పేరు చక్కగానే ఉంది, కాని అందులో ఒక ఇబ్బంది ఉంది. గోప్యత అన్న మాటకు మూలమైన 'గుప్' ధాతువుకు రక్షించడం, దాచడం అనే రెండర్థాలూ ఉన్నాయి. తెలుగులో మొదటి అర్థం మరుగునపడి రెండోదే మిగిలింది. గోప్యమంటే దాచదగినది. దాచదగినదేదో ఉందని ఒప్పుకున్న మరుక్షణం 'దాచవలసినంత పని ఏం చేశావు?' అన్న ప్రశ్న సిద్ధంగా ఉంటుంది. హక్కును అడిగే మనిషి ఆ మాటతోనే సగం ముద్దాయి అవుతున్నాడు.

'నిఘా' సంగతి దీనికి భిన్నం. పారసీకంలో 'నిగాహ్' అంటే కేవలం చూపు. ఉర్దూ మీదుగా మన పాలనాభాషలోకి వచ్చేసరికి ఆ చూపుకు ఒక ఉద్యోగం దొరికింది. తల్లి బిడ్డను చూస్తే అది నిఘా కాదు. చూసిన దాన్ని ఎక్కడో నమోదు చేసే అధికారం చూపుకు తోడైనప్పుడే నిఘా అంటాం. (సీసీ కెమెరాలను పత్రికలు 'నిఘానేత్రాలు' అంటున్నాయి. వ్యుత్పత్తి చూస్తే 'చూపుకళ్లు' అన్నమాట.) మిషెల్ ఫూకో 1975లో ప్రచురించిన గ్రంథం పేరులోని ఫ్రెంచి క్రియకు సరైన మాట దొరక్క ఆంగ్లానువాదకుడు అలన్ షెరిడన్ శీర్షికనే మార్చవలసివచ్చింది. మనకు ఆ చిక్కు లేదు. మనకు కొరతగా ఉన్న మాట నిఘాకు ఎదుటి మాట.

2. గుట్టు, చాటు, మరుగు

ఆ ఎదుటి మాట తెలుగులో పూర్తిగా లేదనలేం. మూడు దేశి పదాలు ఆ పనిని పంచుకున్నాయి. వీటిలో 'గుట్టు' ఇంటికి చెందినది. గుట్టుగా బతకడం, గుట్టుగా సంసారం చేయడం అంటే ఇంటిల్లిపాది వ్యవహారం వీధిలో పడకుండా చూసుకోవడం. ఈ గుట్టు వ్యక్తిది కాదు, కుటుంబానిది. దాని భారం మోసేది మాత్రం ఎక్కువగా కోడలు. భర్త కొట్టిన దెబ్బను కొంగు కింద దాచుకున్న స్త్రీ కాపాడుతున్నది తన ఆంతరంగికతను కాదు, ఆ ఇంటి గుట్టును. 'ఇంటిగుట్టు లంకకు చేటు' అన్న సామెత కూడా విభీషణుణ్ణే తప్పుపడుతుంది కాని, లంకలో ఏం జరుగుతోందని అడగదు.

'చాటు' వ్యక్తికి కొంత దగ్గరిది. చెట్టు చాటు, తలుపు చాటు అన్నప్పుడు అది కాసేపటి రక్షణ. అయితే భాషలో దానికి జరిగిన అవమానం చూడండి. 'చాటుమాటు వ్యవహారం' అనగానే నేరం వాసన వస్తుంది. పైగా అదే ధ్వనితో ఉన్న మరో క్రియకు వెల్లడించడం, టముకు వేయడం అని అర్థం. చాటున జరిగిన దాన్ని చాటడానికి మన వీధులకు ఎంతసేపూ పట్టలేదని ఈ రెండు పదాల పొరుగుతనం గుర్తుచేస్తున్నట్లుంటుంది. ఇది వ్యుత్పత్తి సంబంధం కాదు, నా పరిహాసం మాత్రమే.

ఇక 'మరుగు' శరీరానిది. మరుగుదొడ్డి అన్న మాటలో అది బతికే ఉంది. దొడ్డి లేని పల్లెల్లో చీకటిపడేదాకా కాచుకుని కూర్చున్న స్త్రీలకు ఆంతరంగికత అనేది తాత్విక సమస్య కాదు, రోజుకు రెండుసార్లు ఎదురయ్యే శరీరబాధ. ఇది సంపన్నుల హక్కు అని తేలిగ్గా కొట్టివేసేవారు ఈ పదాన్ని ఒకసారి తలచుకోవాలి.

3. అయోధ్యలో చారులు

రాజుకు చారులే కళ్లు అన్న భావన మన వాఙ్మయంలో చాలా పాతది. కౌటిల్యుని 'అర్థశాస్త్రం' ఒకచోట నిలిచి పనిచేసే చారులను కాపటికుడు, ఉదాస్థితుడు, గృహపతికుడు, వైదేహకుడు, తాపసుడు అని ఐదు రకాలుగా విభజించింది. అంటే విద్యార్థి, సన్యాసం వదిలినవాడు, రైతు, వర్తకుడు, తపసి రూపాలు. జనం నమ్మి నోరువిప్పే వేషాలన్నీ ఇందులో ఉన్నాయి. వేషధారి ఎవరో తెలియని చోట నిజమైన తాపసుని ముందు కూడా మనిషి మాట తూచి మాట్లాడతాడు. చారుడు లేకపోయినా చారుని పని జరిగిపోతుంది. ముగ్గురు చారులు విడివిడిగా తెచ్చిన సమాచారం ఏకమైతేనే నమ్మాలన్న నియమం కూడా అక్కడ ఉంది. పద్ధతిగా జరిగే నిఘా ఆధునికమైనదేమీ కాదు.

ఉత్తరకాండలో సీతాపరిత్యాగానికి దారితీసిన సమాచారం ఎక్కడినుంచి వచ్చిందన్న ప్రశ్నను మన విమర్శ తగినంతగా పట్టించుకోలేదని నా అభిప్రాయం. వాల్మీకంలో రాముడు మిత్రగోష్ఠిలో భద్రుడనే వానిని జనం ఏమనుకుంటున్నారని అడుగుతాడు. భద్రుడు మొదట మంచిమాటలే చెబుతాడు. మంచీచెడూ దాచకుండా చెప్పమని రాముడు ఒత్తిడి చేశాకగాని అసలు మాట బయటికి రాదు. రాజు ముందు భద్రుడు కూడా చూపు కింద ఉన్న మనిషే. అతడు తెచ్చిన మాటలు కూడళ్లలో, అంగళ్లలో, వీధుల్లో, వనాల్లో వినవచ్చినవి. అన్నీ బహిరంగ స్థలాలే. భవభూతి 'ఉత్తరరామచరితం'లో ఈ పనికి దుర్ముఖుడనే చారుడు ప్రత్యేకంగా నియుక్తుడయ్యాడు. జానపద, నాటక, చలనచిత్ర పరంపరకు వచ్చేసరికి, 1963 నాటి 'లవకుశ' చిత్రంతో సహా, ఆ మాట ఒక చాకలి ఇంట్లో ఆలుమగల తగవులో పుడుతుంది.

ఈ మార్పును ఇంతవరకు రెండు విధాలుగా చదివారు. సీతకు జరిగిన అన్యాయంగా చదవడం ఒకటి, నిందను శ్రామిక కులం నెత్తిన వేసిన కుట్రగా చదవడం మరొకటి. రెండూ సరైనవే. మూడో సంగతి కూడా ఉంది. కథ జనంలోకి వెళ్లేకొద్దీ నిఘా బజారు దాటి గడపలోకి వచ్చింది. ఊరందరి బట్టలతోపాటు ఊరందరి గుట్టూ తెలిసిన వృత్తి చాకలిది. ఆ చాకలి ఇంటికే గోడ లేకుండా పోయింది. కోపంలో భార్యతో అన్న మాట రాజ్యవ్యవహారంగా మారుతుందని అతడు ఊహించలేదు. కథ అతణ్ణి ఒక్కమాటకు శాశ్వతంగా నిలబెట్టింది, విన్నవాణ్ణి మాత్రం వదిలేసింది. ఆ రాత్రి ఆ గోడ పక్కన నిలబడిన చారుణ్ణి తప్పుపట్టిన తెలుగు పాఠకుణ్ణి నేనింతవరకు చూడలేదు.

ఓల్గా 'విముక్త' సంపుటిలోని 'బంధితుడు' కథ రాముడివైపునుంచి ఈ ఉచ్చును చూపింది. అందరినీ కనిపెట్టవలసిన రాజు అందరి కళ్లకూ బందీ అవుతాడన్న ఎరుక అక్కడ ఉంది. చాకలి భార్య వైపునుంచి రాయవలసిన కథ ఇంకా మిగిలే ఉంది.

4. గోడలు లేని చోటు

చలం 'మైదానం' (1927) మీద వచ్చిన విమర్శలో ఎక్కువభాగం నీతి, కామం, స్త్రీస్వేచ్ఛ చుట్టూ తిరిగింది. నవల పేరు స్థలవాచకమన్న విషయం మాత్రం దాదాపు మరుగునపడింది. వకీలు భార్య రాజేశ్వరి అమీర్‌తో వెళ్లిపోయింది మరో ఇంటికి కాదు, మరో పట్టణానికి కాదు, ఒక మైదానానికి. అక్కడ ఉన్నది గుడిసె, ఏరు, ఆకాశం.

సాధారణంగా ఆంతరంగికత అంటే గోడ అనుకుంటాం. నాలుగు గోడల మధ్య జరిగేది సొంతం, బయట జరిగేది పరులది. చలం ఈ సమీకరణాన్ని తిరగేశాడు. రాజేశ్వరి వదిలివెళ్లిన సంసారానికి గోడలున్నాయి, తలుపులున్నాయి, గడియలున్నాయి. ఇన్ని ఉన్నా ఆ ఇంట్లో ఆమెకంటూ ఒక క్షణం లేదు. నడక, నవ్వు, కట్టుబొట్టు అన్నీ ఎవరో ఒకరి చూపు కింద జరగవలసిందే. మైదానంలో గోడ అన్నదే లేదు. నాలుగు దిక్కులనుంచీ కనిపించే ఆ బయలులో ఆమె శరీరం మొదటిసారి తనదవుతుంది, ఎందుకంటే చూసి తీర్పు చెప్పేవాళ్లు అక్కడ లేరు. ఆంతరంగికతను హరించేది కనబడటం కాదు, లెక్కచెప్పవలసిరావడం. ఈ భేదాన్ని సిద్ధాంతంగా కాక స్థలవర్ణనగా చలం పట్టుకున్నాడు. ఆ దశాబ్దంలోనే ఆంగ్లంలోకి వచ్చిన జమ్యాతిన్ రష్యన్ నవల 'మేము'లో ప్రజలు గాజు ఇళ్లలో ఉంటారు, తెరలు దించుకోవడానికి అనుమతిపత్రం కావాలి. అక్కడ రాజ్యం గోడలను పారదర్శకం చేసింది. ఇక్కడ గోడలు మందంగానే ఉన్నా లోకం వాటి లోపలే కాపురం పెట్టింది.

అయితే రాజేశ్వరి లోకాన్ని పూర్తిగా వదిలించుకుందా? నవల కథనరీతిని గమనిస్తే లేదనే అనిపిస్తుంది. ఆమె తన కథను ఒక స్నేహితురాలికి చెప్పుకొంటుంది. ఆ చెప్పడంలో అడగని ప్రశ్నలకు జవాబులుంటాయి, వేయని నిందలకు వాదనలుంటాయి. చూసేవాళ్లు లేని చోటికి చేరినా, చూసేవాళ్లతో వాదన ఆమె వాక్యంలోనుంచి పోలేదు. నిఘా తన పని పూర్తిచేసిందనడానికి ఇంతకంటె సూక్ష్మమైన సాక్ష్యం అక్కరలేదు. పైగా మీరా రాకతో అమీర్ ప్రేమ కాపలాగా మారుతుంది. రాజేశ్వరి ఎవరిని చూస్తోంది, ఎలా చూస్తోంది అన్నది మళ్లీ ఒక పురుషుని లెక్కలోకి వస్తుంది. ఈ భాగాన్ని నవల బలహీనతగా భావించినవారున్నారు. నాకు అది నిజాయితీగా కనిపిస్తుంది. చివరికి రక్తపాతం, పోలీసులు, జైలు. గోడ కథలోకి తిరిగివచ్చిన తీరు అది.

5. ఆరుబయటి జైలు: కోకా సుబ్బారావు వాక్యం

ఒక తీర్పును సాహిత్యవ్యాసంలోకి తేవడానికి కారణం చెప్పాలి. రాజమండ్రిలో పుట్టి, ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తొలి ప్రధాన న్యాయమూర్తిగా, తర్వాత 1966–67లో భారత ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసిన కోకా సుబ్బారావు, ఖరక్ సింగ్ కేసులో రాసిన అల్పసంఖ్యాక అభిప్రాయం చట్టచర్చతోపాటు ఒక మానసిక చిత్రణ కూడా. తెలుగు విభాగాలు దాన్ని చదవకపోవడం మన నష్టం.

ఖరక్ సింగ్ మీద 1941లో ఒక దోపిడీ కేసు నమోదైంది. సాక్ష్యం లేక వదిలేశారు. పోలీసులు మాత్రం అతని పేర హిస్టరీషీటు తెరిచారు. ఉత్తరప్రదేశ్ పోలీసు నిబంధనల్లోని 236వ నిబంధన ప్రకారం ఇంటి దగ్గర రహస్య కాపలా, రాత్రివేళ ఇంటికి వచ్చి తలుపు తట్టడం, అలవాట్ల మీద విచారణ, రాకపోకల నమోదు వంటివన్నీ అనుమతించబడ్డాయి. 1962 డిసెంబరులో ఆరుగురు న్యాయమూర్తుల ధర్మాసనంలో అధికసంఖ్యాకులు రాత్రి తలుపు తట్టడాన్ని మాత్రమే కొట్టివేశారు. మిగిలినవాటిని నిలబెట్టారు. వారి తర్కం గమనించదగినది. తిరిగే స్వేచ్ఛ అంటే భౌతికమైన కదలిక. వెనుక ఎవరో ఉన్నారన్న భావన మనసులో కలిగించే జంకు ఆ స్వేచ్ఛకు భంగం కాదు.

సుబ్బారావు అభ్యంతరం సరిగ్గా ఇక్కడే. జస్టిస్ జె.సి. షా ఆయనతో ఏకీభవించారు. పోలీసు చూపు వెన్నంటి ఉన్న మనిషి కాళ్లు కదలవచ్చు, కాని ఆ కదలిక యంత్రపు కదలిక లాంటిది, దాన్ని స్వేచ్ఛ అనడానికి వీల్లేదన్నది ఆయన వాదన సారం. సంకెళ్లు లేకపోయినా అలాంటివాడికి దేశమంతా కారాగారమేనన్న భావం అక్కడ రూపకంగా వచ్చింది. వ్యక్తిస్వేచ్ఛలో ఆంతరంగిక జీవితరక్షణ అంతర్భాగమని కూడా ఆయన స్పష్టంగా అన్నారు. బెంథామ్ ఊహించిన వలయాకారపు జైలును ఫూకో నడవడి శాస్త్రంగా వివరించడానికి ఇంకా పదమూడేళ్లు ఉంది.

చలం నవలలోనూ, సుబ్బారావు వాక్యంలోనూ ఉన్నది ఒకే స్థలం, బయలు. ఒకచోట చూపు లేని బయలు ఇల్లయింది, మరొకచోట చూపు ఉన్న బయలు జైలయింది. ఆయన 'మైదానం' చదివారో లేదో ఈ పోలికకు అవసరం లేదు. ఇద్దరు తెలుగువారు వేరువేరు దారుల్లో ఒకే సత్యం దగ్గరికి చేరారు, అంతే.

ఖరక్ సింగ్ మీద తెరిచిన హిస్టరీషీటు వెనుక ఇంకో చరిత్ర ఉంది. 1871 నాటి నేరస్థ జాతుల చట్టం 1911లో మద్రాసు రాష్ట్రానికి విస్తరించింది. పుట్టుకతోనే అనుమానితులుగా నమోదైన కుటుంబాల వేలిముద్రలు తీశారు, హాజరు పిలిచారు, ఊరు దాటడానికి అనుమతిచీటీలు ఇచ్చారు. గుంటూరు ప్రాంతంలోని స్టువర్టుపురం సెటిల్మెంటు ఆ కాలపు కట్టడమే. ఎరుకల కుటుంబాలు అక్కడ దశాబ్దాలపాటు హాజరుపట్టీలో బతికాయి. 1952లో చట్టం రద్దయింది. ఊరిపేరు చెప్పగానే ఎదుటివారి చూపు మారడం మాత్రం చట్టంతోపాటు రద్దు కాలేదు. నిఘా అందరినీ సమానంగా చూడదని అనడానికి మనకు పరదేశపు ఉదాహరణ అక్కరలేదు.

2017 తీర్పు సుబ్బారావు అభిప్రాయాన్ని సమర్థించింది. అల్పసంఖ్యాకుల అభిప్రాయం ధర్మాసనమంతటి మాట కావడానికి యాభై ఐదేళ్లు పట్టింది.

6. 'నేను సైతం' నుంచి తరగతి గది దాకా

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2013లో వచ్చిన ప్రజాభద్రత (చర్యల) అమలు చట్టం జనం గుమిగూడే సంస్థలన్నీ కెమెరాలు పెట్టుకోవాలని, 30 రోజుల దృశ్యాలు భద్రపరచాలని ఆదేశించింది. తర్వాత హైదరాబాదులో కాలనీవాసులే చందాలు వేసుకుని కెమెరాలు అమర్చుకునే పథకానికి పోలీసులు 'నేను సైతం' అని పేరుపెట్టారు. శ్రీశ్రీ 'జయభేరి'లో తనను తాను లోకానికి ఆహుతి చేసుకునే గొంతు అది. ఆ కవి 1970లో తొలి అధ్యక్షుడైన విప్లవ రచయితల సంఘాన్ని 2005లో ప్రభుత్వం కొంతకాలం నిషేధించింది. 1974 నాటి సికింద్రాబాదు కుట్రకేసులో కవులు ముద్దాయిలయ్యారు. ఇంత చరిత్ర ఉన్న మాట కెమెరా స్తంభం మీదికి ఎక్కడం చూసి విమర్శకులెవరూ ఉలిక్కిపడకపోవడం నాకు వింతగా ఉంది. బహుశా మాట అంత మెత్తబడిపోయింది. లేదా మనమే మెత్తబడ్డాం.

కెమెరా వల్ల మేలు లేదని అనను. నా విద్యార్థినుల్లో చాలామంది బస్టాపులో కెమెరా ఉంటే ధైర్యంగా ఉంటుందన్నారు. అది నిజమైన మాట. అదే విద్యార్థినులు హాస్టలు వరండాలోని కెమెరా గురించి మాట్లాడేటప్పుడు గొంతు తగ్గించారు. ఎవరితో మాట్లాడారో ఇంటికి తెలుస్తుంది. ఆర్వెల్ నవలలోని సర్వద్రష్టను తెలుగులో 'పెద్దన్న' అని అనువదిస్తుంటాం. మన ఆడపిల్లలకు ఆ మాట రూపకం కాదు, ఫోను పట్టుకుని ఎదురుగా కూర్చున్న మనిషి. 2022లో తెలంగాణ హైకోర్టు ముఖగుర్తింపు సాంకేతికతపై దాఖలైన పిటిషనులో నోటీసులు జారీచేసింది. 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది, ప్రభుత్వానికి విస్తృతమైన మినహాయింపులతో. ఈ పరిణామాల న్యాయపరమైన విశ్లేషణ ఈ వ్యాసం పరిధిలోనిది కాదు. నడవడిలో వచ్చిన మార్పు మాత్రం పరిధిలోనిదే, దానికి నా దగ్గర ఒక చిన్న అనుభవం ఉంది.

గతంలో నేను పనిచేసిన ఒక కళాశాలలో తరగతి గదుల్లో ధ్వనిని కూడా నమోదుచేసే కెమెరాలు అమర్చారు. ఆ ఏడాది ఆధునిక నవల పాఠంలో 'మైదానం' ఉంది. అంతకుముందు సంవత్సరం అదే పాఠానికి రెండు గంటలు వాదన జరిగింది. ఈసారి నలభైమంది నిశ్శబ్దంగా నోట్సు రాసుకున్నారు. నన్నెవరూ ఏమీ అనలేదు. ఆ దృశ్యాలను ఎవరైనా చూశారో లేదో కూడా తెలియదు. అయినా అమీర్ పేరు వచ్చినప్పుడల్లా నా వాక్యం దానంతటదే పొట్టిదైంది. 'సామాజిక కట్టుబాట్లను ప్రశ్నించిన నవల' అనే పరీక్షాభాషలోకి నేను జారుకున్నాను. నోట్సు రాసుకున్నవాళ్లు అదే రాసుకున్నారు, పరీక్షలోనూ అదే రాశారు, మార్కులూ వచ్చాయి. ఎవరూ ఆపకపోయినా నేను ఆగిన సంగతి నాకు ఆ జవాబు పత్రాలు దిద్దుతున్నప్పుడుగాని అర్థంకాలేదు.

పాఠం అయిన మర్నాడు ఇద్దరమ్మాయిలు స్టాఫ్‌రూముకు వచ్చారు. లోపలికి రమ్మంటే గుమ్మం పైకి చూసి, 'బయట మాట్లాడదామా మేడమ్?' అన్నారు. మైదానం చివర సైకిలు స్టాండు పక్కన వేపచెట్టు కింద నిలబడ్డాం. రాజేశ్వరి తప్పు చేసిందా అని ఒకమ్మాయి అడిగింది. తప్పు అంటే ఏమిటి అని రెండో అమ్మాయి ఆమెనే అడిగింది. గంట కొట్టేదాకా ముగ్గురం మాట్లాడుతూనే ఉన్నాం.